పూడిక

పుట్టి రెండో దినం.
పిల్లోడు పసరుపచ్చగా కక్కుతున్నాడు.
ఎక్స్‌రేను దీపం పెట్టె మీద ఆనిస్తే
రెండే రెండు గాలిబుడగలు.
వాటి కింద అంతా తెలుపు.

కర్నూలు పెద్దాసుపత్రి, పిల్లల సర్జరీ వార్డు.
కాగితాల మీద సంతకానికి తాత వచ్చాడు,
ఉరుకుందప్ప, కె.సి. కెనాల్ లస్కరు.
ముప్పై ఏండ్లు షట్టర్లు తిప్పిన చేతిలో
పెన్ను అట్లే పట్టుకొని
"లోపల ఏమాయెనో నాకు తెలిసేట్టు చెప్పమ్మా" అన్నాడు.

పరీక్ష కోసం బట్టీ పట్టిన పాఠాన్ని
నన్ను ఒక మనిషి అడగడం అదే మొదలు.

మందుచీటీ వెనక గీశాను.
మొదట బిడ్డంటే ఒక ఆకు, అంతే.
అంచులు ముడుచుకొని లోపల గొట్టం అవుతుంది.
ఆరో వారానికి పొట్టలో చోటు చాలక
పేగు బొడ్డుతాడులోకి పోయి కాపురం పెడుతుంది.
అక్కడే సాగుతూ, మెలి తిరుగుతూ
పదో వారంలో వెనక్కి వస్తుంది
ముప్పావు చుట్టు, గడియారానికి ఎదురు.

"షట్టరు ఎత్తాలన్నా అట్లనే తిప్పల్ల."

ఆ దినాల్లోనే, జీర్ణాశయం దాటంగానే
గొట్టం తనను తాను పూడ్చుకుంటుంది.
నేను చదివిన పుస్తకంలో ఎందుకో లేదు.
కణాలు కిక్కిరిసి దారి మూసుకుపోతుంది,
మళ్లీ నడుమ నడుమ గుంతలు పడి
గుంతా గుంతా కలిసి కాలవవుతుంది.
వీడికి ఒక్కచోట కలవలేదు.

చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.
"అంటే పూడిక తీయనే లేదు.
మాకాడా ఇంతే.
సుంకేసులలో నీళ్లు నిండుగ ఉంటాయి,
చివరి ఆయకట్టు నోరెండి పడుంటాది."
సంతకం పెట్టాడు.
మా ప్రొఫెసరు ఇంత బాగా చెప్పలేదు.

మూడు గంటలు.
కింది ముక్క నా చిటికెనవేలికన్నా సన్నం.
మూతపడ్డ చోటును దాని మానాన వదిలి
పైదానికీ కిందిదానికీ పక్కదారి కుట్టారు సారు.
నేను చేసిందల్లా కొక్కెం పట్టుకొని నిలబడడం.
బయట సుంకమ్మ, పచ్చి బాలింత,
పాలు చేపుకొస్తుంటే
కొంగు ఉండచుట్టి అదిమి పెట్టుకుంది.

ఆ తర్వాత ఉరుకుందప్ప రోజూ అడిగేది ఒకటే:
"ముక్కు గొట్టంలో రంగెట్లుంది?"
కాలవ గేజీ రాసే జేబు పుస్తకంలోనే
రాసుకునేవాడు.
పచ్చ. పచ్చ. పచ్చ. లేత. నీళ్లు.

తొమ్మిదో దినం ఉగ్గుగిన్నెతో పది చుక్కల పాలు.

పన్నెండో దినం, ఇంకా తెల్లారలేదు.
టేబుల్ మీద తల వాల్చిన నన్ను లేపి
పాతచీర పేలిక విప్పి చూపించాడు.
పసుపు మరక, అరచెయ్యంత.
"కడ మడి దాకా పారింది" అన్నాడు.
టైమెంతని అడిగాడు.
నాలుగూ ఇరవై.
రాసుకున్నాడు.