తోడు

నలభై ఏళ్లు బొగ్గు తవ్వినవాడితో
ఇక తవ్వొద్దు అన్నాను.

సైలీషియాలో గని మూసేశాక
ఊరి చివర పంచిన తోటమళ్లలో
అలోయిజ్ మడికీ నా మడికీ మధ్య దడి లేదు.
పొద్దున్న ఆరింటికి షిఫ్టుకొచ్చినట్టు వచ్చేవాడు,
భుజాన పార, చేతిలో ఫ్లాస్కు.
మోకాలిలోతు తిరగేసేవాడు మట్టిని.
తెల్ల ఎరువు సంచులకొద్దీ చల్లేవాడు.
చామంతులు ఏపుగా లేచి
మొగ్గ తొడక్కుండానే నడుం వాల్చేవి.

"తిండి ఎక్కువైతే వేరు ఎవరితోనూ పొత్తు కట్టదు.
మట్టిలో బూజు దారాలుంటాయి, వెంట్రుకకన్నా సన్నం.
వేరుకందని సందుల్లోకి దూరి
నీళ్లూ సారమూ మోసుకొస్తాయి,
కూలికి కాస్త చక్కెర పుచ్చుకుంటాయి.
నీ పార వేటుకి తెగిపోయేది అవే."

చాలాసేపు మాట్లాడలేదు.
"సొరంగాలన్నమాట. కూలితే, లోపలున్నవాళ్లు..."
అక్కడే ఆపేశాడు.

మర్నాటి నుంచి పార
పావురాల గూటి తలుపుకి గడియ.

రైలుకట్ట వారన ఎవరూ దున్నని పచ్చికలోంచి
వేళ్లతో సహా గుప్పెడు మట్టి
జేబురుమాల్లో కట్టుకొచ్చాడు.
ఒక్కో నారు కింద చిటికెడు,
పాలకి తోడు వేసినట్టు.
పైన కుప్ప ఎరువు: దుంపతొక్కలు, కాఫీ పిప్పి,
భార్య గెర్ట్రూడా చదివేసిన పేపర్లు.
పావురాల రెట్ట ఒక్క తట్టే అన్నాను.
రెండేశాడు.
ఫిబ్రవరిలో ఊరంతా మంచు,
కుప్ప నెత్తిన అరచేయంత నల్లమచ్చ, సన్నగా ఆవిరి.
తొడుగు తీసి చెయ్యి లోపల పెట్టి
"ఊపిరుంది" అనేవాడు.

మూడో ఏడు పూశాయి.
రాగిరంగు, ఇటుకరంగు, ఒకటి అచ్చం గుడ్డుసొన.
మృతుల పండగకి పీకబోతే నేనే ఆపాను:
మెడ దగ్గర కోయి, వేళ్లనలా ఉండనీ,
దారాలు చలికాలం వాటినే పట్టుకుని బతుకుతాయి.
కత్తెరతో కోశాడు, ఒంగి, మూలుగుతూ.
అమ్మకి ఒక కట్ట, అన్నకి ఒకటి.
చివరి వరస ముట్టుకోలేదు.

"ఇది గెరార్డ్‌ది. వాడికి సమాధి లేదు.
డెబ్బైతొమ్మిదిలో, రెండో షిఫ్టు.
ఆ గాలరీ సరిగ్గా ఈ మడి కిందనుంచే పోతుంది,
ఆరువందల మీటర్ల కింద."

చీకటి పడుతోంది.
శ్మశానం వైపు దీపాలు ఒక్కొక్కటే.
"ఆ దారాలు ఎంత లోతు పోతాయి?" అన్నాడు.

మూరెడు. నాకు తెలుసు.

"కత్తెర ఇలా ఇవ్వు," అన్నాను,
"వేళ్లు కొంకర్లు పోతున్నాయి నీకు."