తెట్టు తీసి చూడు

కటకం పట్టుకునే ఇత్తడి రింగు విరిగింది.
కొత్తది కొనాలంటే కొటేషన్లు మూడు, సంతకాలు ఏడు.
ఎమ్మెస్సీ పిల్లల ప్రాక్టికల్సు పన్నెండో తారీఖు.
అందుకని ఎచ్చెర్లలో బస్సెక్కి
నరసన్నపేటలో ఇంకోటి మారి
బుడితిలో గున్నాచారి కొలిమి ముందు దిగాను.

సంచిలో విరిగిన రింగు,
దాని పక్కన లాప్‌టాప్‌లో
పద్దెనిమిది రోజులుగా నాకు లొంగని
ఒకే ఒక్క నానోసెకను.

అందులో జరిగింది చెప్పడం తేలిక.
గోరంత స్ఫటికం పలక మీద లేజరు దెబ్బ.
పైపూత ఆవిరై ఇటు ఎగిరితే
ఆ తన్నుకి అఘాత తరంగం అటు పరిగెత్తింది,
సెకనుకి ఇరవై కిలోమీటర్ల వేగం.
అంత పరుగూ పరిగెత్తి
వెంట్రుక మందంలో పావువంతు దాటింది.

దాని ముందు రాయి ఇంకా రాయే,
చల్లగా, తేటగా, ఏమీ ఎరగనట్టు.
దాని వెనక
అరవై లక్షల వాతావరణాల బరువు కింద
అణువులు పట్టు వదిలేశాయి.
ఎలక్ట్రాన్లు ఎవరింటివో మరిచిపోయి
సంతలో జనంలా కలిసిపోయాయి.
అప్పటిదాకా వెలుగుని తనలోంచి పోనిచ్చిన రాయి
వెలుగుకి అడ్డం నిలబడింది.
పచ్చటి కిరణం ఒకటి పంపితే
నూటికి ముప్పై పాళ్ళు తిప్పి పంపింది.
దట్టమైన ప్లాస్మా.
అద్దం.

మరి వేడెంత?
కుదరనిది అదే.
స్ట్రీక్ కెమెరా గీసిన వెలుగు చారని
కొలిచి, లెక్కగట్టి, మళ్ళీ గట్టి
ముప్పై వేల డిగ్రీలంటాను.
సమీకరణం ఇంకో ఎనిమిది వేలు అడుగుతుంది
గుమ్మంలో కూర్చున్న బాకీవాడిలా.

మూసలో ఇత్తడి కరుగుతోంది.
తుత్తునాగం ఆకుపచ్చ నాలుకలు చాపుతోంది.
కుడికంటికి మొన్ననే శుక్లం తీశారు,
మంట చూడొద్దన్నారు,
గున్నాచారి ఎడమకంటితో చూస్తున్నాడు.
చదువుకున్నదాన్ని కదా, నేనూ వంగి చూసి అన్నాను:
"పైన బాగా వెలుగుతోంది చారిగారూ, పోసెయ్యొచ్చు."

నవ్వాడు.
"అది తెట్టు గుంటా.
తెట్టు ఎలిగినట్టు ఇత్తడి ఎలగదు.
తెట్టు తీసి సూడు."

గరిటెతో పక్కకి నెట్టాడు.
కింద లోహం నున్నగా, మసక మసగ్గా,
ఇందాకే చల్లారిందా అన్నట్టు.
చూస్తుండగానే గరిటె అంచు ఎర్రబడింది.

"మొకం సూపించీది ఏడి దాసుకుంటాది" అన్నాడు,
ఇటు చూడకుండానే.

నేను కాసేపు మాట్లాడలేదు.
ఈ ముక్క నేనే పాఠం చెప్పాను,
బోర్డు మీద, రెండు మార్కుల ప్రశ్నగా:
ఎంత తిప్పికొట్టే వస్తువు అంత తక్కువ వెదజల్లుతుంది.
చెప్పి, చాక్‌పీసు దులుపుకుని ఇంటికొచ్చి
ముప్పై పాళ్ళు తిప్పికొట్టిన దాన్ని
కాటుకంత నల్లదనుకుని లెక్కలో వేశాను.

అచ్చులమట్టి గంప మీద లాప్‌టాప్ తెరిచాను.
వెలుగుని డెబ్బై పాళ్ళతో భాగించి చూస్తే
ముప్పై ఎనిమిది వేలు.
బాకీవాడు లేచి చెప్పులు వేసుకున్నాడు.
చార చివర ఇంకా ఒక వంకరుంది.
అదేమిటో నాకు తెలీదు.

"ఆ రాయేది ఇప్పుడు?" అడిగాడు, అచ్చులోకి పోస్తూ.
లేదు. ఆ వెంటనే పొడైపోయింది.
"సూసీలోపలే పోనాదన్నమాట."
లోహం గొంతులోకి దిగుతున్న చప్పుడు
ఇద్దరం విన్నాం.

రింగు రెండొందలు.
ఆఫీసుకి బిల్లు కావాలన్నాను.
నా నోటుబుక్కు చివరి పేజీ మీద
బొగ్గుముక్కతో 'రెండొందలు' అని రాసి
కింద వేలు రుద్దాడు, సంతకంగా.
బస్సులో తెరిచి చూస్తే
ఆ మసి పక్క పేజీకి అంటుకుంది,
ముప్పై ఎనిమిది వేల మీద,
ఆఖరి సున్నా మీద.