పై అంతస్తు వోల్టేజి

పదకొండున్నరకి మెట్లెక్కి తలుపు కొట్టాను,
తిట్టడానికే.
మూడు రాత్రులుగా సీలింగులోంచి
ఎవరో ఏనుగుకి ఊపిరి నేర్పుతున్నట్టు చప్పుడు.

తాలివాల్డిస్ మేజోళ్ళతోనే వచ్చి
"సమయానికొచ్చావు వెల్తా" అన్నాడు.
అదీ అతని సంగతి,
ఫిర్యాదుకొచ్చినవాళ్ళకి కుర్చీ వేస్తాడు.

బల్లమీద చెక్కపెట్టె. ముఖం నిండా కన్నాలు.
కన్నంలోంచి కన్నంలోకి రంగురంగుల తీగలు,
మా అమ్మ సగంలో వదిలేసిన చేతితొడుగులా.
"ఇది ఎక్కుతుంది, దిగుతుంది. అంతే దీని పని.
ఈ నాబ్ తిప్పితే ఎక్కడం ఆలస్యం,
అది తిప్పితే దిగడం."
"మరి ఈ కన్నాలు?"
"తిప్పడానికి నేను లేనప్పుడు
ఇంకో వోల్టేజి వచ్చి తిప్పుతుంది."

ఇంకా విడమర్చబోయాడు. ఆపాను.
రీగాలో ఇరవై ఆరేళ్ళుగా ట్రాలీబస్సు నడుపుతున్నదానికి
చెబుతావా ఇది?
నా పాదం కింద పెడల్లో బలమెక్కడిది?
నూట ఇరవై మందిని వంతెన ఎక్కించే కరెంటు
నెత్తిమీద తీగల్లో ఉంటుంది.
పెడల్ దానికి "ఇంత" అని చెబుతుంది.
చాలు.

ఉక్రోషంగా ఒక తీగ పీకాడు.
అవే ఐదు వోల్టులు
ఎక్కుడు కన్నంలో గుచ్చితే
ఎక్కడం బంకలా సాగింది.
రెంటికీ ఉమ్మడిగా ఉన్న కన్నంలో గుచ్చితే
మొత్తం పరుగందుకుంది.
దీనికి మాత్రం నా బస్సులో పోలిక దొరకలేదు.
ఇంట్లో దొరికింది:
"ఆలస్యమైపోయింది" అని నేనరిస్తే
మా ఆయన కుర్చీలో ఇంకా వెనక్కి వాలేవాడు,
పిల్ల బూట్లకోసం పరిగెత్తేది.

పక్కనే ఇంకో బుల్లి నాబ్.
నడిమధ్యన ఉంటే ఏ మాటా చెవినెయ్యదు.
కుడికి తిప్పితే చెప్పినట్టు వింటుంది.
ఎడమకి తిప్పితే
ప్రతిదానికీ తిరకాసు.
మా డిపో ఇన్‌స్పెక్టరుని గుర్తుపట్టి నవ్వాను.
తిట్టకుండానే కిందికొచ్చేశాను.

శనివారం అతను కిటికీ బయట ఏదో అంటించాడు,
బఠాణీ గింజంత కన్ను.
పెరటి మంచుమీద పడే నా వంటింటి వెలుగుని
అది చూస్తుందట,
చూసినదాన్ని వోల్టులు చేసి
దిగుడు కన్నంలోకి పంపుతుందట.
"నాబ్ ఎడమవైపే పెట్టాను.
నువ్వు లైటార్పితే
నా చప్పుడు దిగడం నిదానిస్తుంది.
ఇక మెట్లెక్కి రానక్కర్లేదు."

రేపు తొలి షిఫ్టు, నాలుగుంపావుకి డిపోలో ఉండాలి.
కప్పు కడిగి బోర్లించి
స్విచ్చిమీద వేలు పెట్టాను.

టక్.

పైన ఏనుగు ఊపిరి వదలడం మొదలుపెట్టింది.
వదులుతూనే ఉంది,
డౌగవా దాటి వంతెన దిగేటప్పుడు
పెడల్‌మీంచి కాలు తీసేసిన బస్సులా,
ఎవరూ తోయకుండా, ఎవరూ ఆపకుండా.
చీకట్లో నిలబడి చివరిదాకా విన్నాను.

మళ్ళీ వేశాను లైటు.
ఒక్కసారి, చూద్దామని.