నాలుగో జ్వరం

మా టీము నంబరు నాలుగు.
తెర మీద ఐదు గళ్లు, అందులో మూడు ఎప్పుడూ నల్లగానే.
తిరుపతి బైరాగిపట్టెడ మిద్దెగదిలో నేను,
పీలేరులో కుక్కర్ విజిళ్ల నడుమ మస్తాన్‌వలి,
చిత్తూరులో వాళ్ల నాయన మందులషాపు కౌంటరు వెనక చరణ్య,
కుప్పంలో సిగ్నల్ కోసం నీళ్లట్యాంకు ఎక్కిన ధనుంజయ,
పలమనేరు అవతల ఏదో పల్లెలో రెడ్డిరాణి.

మొదట ఎవరికి వారు రాసే పరీక్ష.
పదికి నాకు తొమ్మిది, రాణికి నాలుగు.
ఆ నాలుగుని నేను మర్చిపోలేదు.
తప్పంతా అక్కడే మొదలైంది.

తర్వాత టీముకో కేసు, ఒకే జవాబు, ఏడు నిమిషాలు.
రాణి మైకు తెరిస్తే వాన.
"మీ పక్క ముసురు పట్టిందా?" అన్నాడు మస్తాన్.
"వాన కాదు, పట్టుపురుగులు. ఆకు మేస్తా ఉండాయి."
చదువుకునే గదీ తట్టలు పేర్చిన గదీ వాళ్లకు ఒకటే.
"మ్యూట్ చేసుకో, ఏమీ వినబడటం లేదు"
అన్నది నేనే.

పన్నెండేళ్ల పిల్లోడు.
తెల్లారుజామున కడుపునొప్పి,
పొద్దెక్కేసరికి వాలిపోతున్న రెప్పలు.
ఒంటి మీద గాయం లేదు, జ్వరం లేదు.
నేను నరం గురించి, కండరం గురించి,
వాటి మధ్య సందు గురించి
పుస్తకంలో పేజీ నంబరుతో సహా చెప్పాను.
మయస్థీనియా అన్నాను.
ముగ్గురు సరేనన్నారు.
ఇంకా నలభై సెకన్లుండగానే నొక్కేశాను.

ఎర్ర గుర్తు పడింది.
దాని వెనకే, ఎక్కడో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చింది
రాణి రాసిన ఒక్క వరుస:
"ఆ పిల్లోడు రాత్రి యాడ పండుకున్న్యాడో అడిగితిరా?"

నేల మీద.
కేసు రెండో పేరాలోనే ఉంది,
చెనిక్కాయల మూటల పక్కన, చాప మీద అని.
కట్లపాము కోర అంత సన్నం,
కరిచిన గుర్తు కూడా మిగలదు.
తొమ్మిది మార్కులవాడు ఆ చాప మీంచి నడుచుకుంటూ పోయాడు.

ఎవరం ఏమీ అనలేదు.
కాసేపటికి ఆమె గడి వెలిగింది.
ఈసారి వాన లేదు.
"ఏమైంది రాణీ, పురుగులు?"
"నాలుగో జ్వరానికి పోయినాయి.
ఒకదినం మేయవు, కదలవు. పాత తోలు విడస్తాయి.
ఈ పొద్దు వాటిని ముట్టకూడదు."

గడువు మించిపోయినా
ఐదుగురం మైకులు తెరిచే ఉంచాం.
పీలేరులో కుక్కర్ ఆగిపోయింది.
రేణిగుంట వైపు గూడ్సుబండి ఒకటి
నా కిటికీలోంచి అందరికీ వినబడిందట.

ఆమెను తిరిగి ఏమడగాలో
నాకింకా తెలియలేదు.