అమావాస్య పూట బుష్షులు

మొదట కనిపెట్టింది చెవి కాదు, నడుం.
ముద్దనూరు రోడ్డు మలుపులో
కారు తోక అరక్షణం ఆలస్యంగా తిరిగింది,
పేరు పెట్టి పిలిస్తే తాగినోడు తిరిగినట్టు.
ఆ తర్వాతే, రైల్వే గేటు స్పీడ్ బ్రేకరు మీద
టక్.
ఎనకపక్క, ఎడమకు.

పంతొమ్మిదేండ్ల బండి. రెండే సీట్లు.
ఇంట్లో మేం ముగ్గురం.
ఎవరి వంతు ఎప్పుడో మా హేమ
క్యాలెండర్ వెనక గీతలు గీసి పెట్టింది.
సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో నవ్వుతారు:
"ఏం కుళ్లాయప్పా, మోకాలెత్తు కారు కొని
మోకాళ్ల మీదే బతుకుతాండావే!"

కిందికి దూరి చూస్తే
రబ్బరు ఎండాకాలం పెదవి మాదిరి చీలింది.
నడుమ ఇనుప గొట్టం ఒక పక్కకు ఒరిగింది.
వేలితో నెడితే కదిలింది.
కదలడానికే పెట్టినారు దాన్ని,
కొంచెం. ఇంత కాదు.

ప్రొద్దుటూరు లేత్ వీరాచారికి ఫోన్ చేస్తే
"ఈ పొద్దు అమావాస్య, మిషన్ తిప్పను" అన్నాడు.
రేపటి నుంచి నాకు పగటి షిఫ్టు.
సరే, ఇంటి ముందరే.

కడప బండల మీద స్టాండ్లు నిలబెట్టి
వెనక చక్రాలు రెండూ ఊడదీసినా.
రాత్రి డీజిల్ పోసి నానబెట్టిన బోల్టు
పానాకు పైపు తొడిగి తొక్కితే
పాతకాలం తలుపు మాదిరి మూలిగి వదిలింది.
పాత రబ్బరు మాత్రం వదల్లేదు.
మంట పెట్టినా.
ఎర్రగుంట్ల ఎండకు ఆ నల్లపొగ తోడై
నాలుగిండ్ల బట్టలు దండేల మీంచి లోపలికి పరిగెత్తినాయి.
మిగిలిన ఇనుప రింగును హాక్సా బ్లేడుతో
వెంట్రుక వెంట్రుకగా కోసినా,
కోస్తూ కోస్తూ మధ్యాన్నమైంది.

కొత్త బుష్షులు ఫ్రీజర్‌లో ఉన్నాయి,
చలికి ముడుచుకుంటే సులువుగా దిగుతాయని.
నిమ్మకాయ నీళ్లకు ఐస్ కోసం చెయ్యి పెట్టిన నాగవేణి
నల్లటిదొకటి తీసి
నా వైపు చూసిన చూపు
ఫ్రీజర్ కంటే చల్లగా ఉంది.

సబ్బునీళ్లు, పొడుగు బోల్టు, రెండు వాషర్లు,
బోరు పైపు ముక్క ఒకటి.
పానా పావు చుట్టు తిప్పితే బుష్షు నూలంత లోపలికి.
మళ్లీ పావు చుట్టు. మళ్లీ నూలంత.
చివరికి "టుప్" అని కూర్చున్నప్పుడు
అరిచినట్టున్నాను, హేమ బయటికొచ్చింది.

ఆర్ములు ఎక్కించి బోల్టులు బిగిస్తాంటే
పొగ సంగతి అడగొచ్చిన పిండిమర ఖాజాబీ
నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.
కనుబొమల మీద జొన్నపిండి.
"ఏం నాయనా, గాల్లో ఏలాడదీసి బిగిస్తాండావు?
రబ్బరు ఆ మెలికలోనే పట్టుకుంటాది.
దించినాక రోజూ మెలి తిరుగుతానే ఉంటాది.
నా మర మోటరుకు అట్ల చేసే
ఆర్నెల్లలో రెండు బుష్షులు పాయె.
బరువు మీద బిగియ్యి."

బోల్టులన్నీ వదులు చేసినా.
చక్రాలు తగిలించి, రెండ్రెండు బండలు పేర్చి
వాటి మీదికి దించినా.
మనుషుల బరువో? అని అడిగితే
ఆమే మరలోంచి రెండు జొన్నమూటలు పంపింది.
సీటుకొకటి కూర్చోబెట్టి
హేమ వాటికి బెల్టులు పెట్టింది.
కింద ఇరుకులో ఎల్లకిలా పడుకుని
ఒక్కో బోల్టూ బిగించినా,
పైన జొన్నలు పెద్దమనుషుల్లా కదలకుండా కూర్చున్నాయి.

సాయంత్రం క్యాలెండర్ ప్రకారం వంతు నాగవేణిది.
"ఖాజాబీని తీస్కపో" అంది.
ఆమె కూర్చోడానికి తిప్పలు పడింది,
లేవడానికి ఇంకా పడుతుందని నవ్వింది.
మలుపులో తోక చెప్పిన మాట విన్నది.
రైల్వే గేటు. స్పీడ్ బ్రేకరు.

టక్.

నా గుండె బండ కింద పడింది.
ఖాజాబీ వెనక్కి చెయ్యి పెట్టి
సీటు సందులోంచి
పదిహేడో నంబరు పానా తీసి
ఒళ్లో పెట్టుకుంది.
"ఇంగ పోనీ" అంది.