జత

ఫోన్ చేస్తారు, గొంతు సవరించుకుంటారు,
"అక్కా, రేపు పరీక్షకి ఏం వేసుకుని రమ్మంటారు?"
మబ్బులు దాటి పోవాల్సిన వాళ్ళు
చొక్కా గురించి అడగడానికి సిగ్గుపడతారు.

చెప్తాను.
ముందు గుండీలున్న చొక్కా.
తలమీంచి లాగేది వద్దు,
ఛాతీకి ఆరు తీగలు అంటించాలి నేను,
కాళ్ళకీ చేతులకీ ఇంకో నాలుగు.
చెయ్యి మడిస్తే మోచెయ్యి దాటి పైకి పోవాలి,
బిగుతైతే బీపీ అబద్ధం చెబుతుంది.
లెన్సులు ఇంట్లో వదిలేసి కళ్ళజోడు తెచ్చుకోండి.
ఉప్పేసిన పాల టీ కూడా తాగకుండా రండి.
టై దేనికి, కోటు దేనికి?
ఇక్కడ ఇంటర్వ్యూ మీకు కాదు,
మీ మూత్రానికి.

చెప్పి పెట్టేస్తాను గానీ
జనవరిలో, ఉలాన్‌బాతర్‌లో,
సున్నాకి ముప్ఫై కింద,
బొగ్గుపొగ వీధి దీపాల మెడ దాకా లేచి ఉంటే
ఎవరు వింటారు నా మాట?
గొర్రెతోలు కోటు, దాని కింద ఉన్ని కోటు,
దాని కింద స్వెట్టరు, ఆ కింద ఇంకో స్వెట్టరు,
పెళ్ళాం తప్ప ఎవరూ చూడకూడని పొడుగు లాగు.
ఒక్కొక్కటీ విప్పి వేస్తుంటే
నా గదిలో కుర్చీ లావెక్కుతుంది,
మనిషి సన్నబడతాడు.

నాలుగు పట్టీల యూనిఫాంలో వచ్చాడొకాయన, గన్‌జోరిగ్.
ఉన్న కంపెనీ మూతపడింది, యాభై రెండేళ్ళకి మళ్ళీ మొదటినుంచీ.
"విప్పండి" అన్నాను.
భుజం పట్టీల దగ్గర ఆగిపోయాయి వేళ్ళు.
బీపీ మూడుసార్లు తీశాను.
మూడోసారి, కిటికీ అవతల పావురాల గురించి మాట్లాడుతూ.
దిగింది.

పోయిన మంగళవారం తెమూలెన్ వచ్చాడు.
ఇరవై రెండేళ్ళు. శిక్షణకి తీసుకుంటున్న ఎనిమిది మందిలో ఒకడు.
నేను చెప్పినవన్నీ చెప్పినట్టే,
గుండీల చొక్కా, కాగితం కోసేలా ఇస్త్రీ,
ఖాళీ కడుపు, కత్తిరించిన గోళ్ళు.
ఇలాంటి పిల్లల్ని చూస్తే నాకు ముందే సంతకం పెట్టెయ్యాలనిపిస్తుంది.
పడుకోమని, చీలమండలకి క్లిప్పులు పెట్టబోయి
మేజోళ్ళు కిందికి జరిపాను.
ఒంటె ఉన్నివి. వాళ్ళక్క అల్లి, రంగు వేసి,
గోబీ నుంచి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిందట,
రెండు జతలు.

ఎడమ కాలిది పచ్చ.
కుడి కాలిది ఇటుక రంగు.

గుండె గీతలు కాగితం మీద ముచ్చటగా వచ్చాయి.
అతనివి.

"చీకట్లో తయారయ్యావా?" అన్నాను,
ఫారంలో లేని ప్రశ్న.
కరెంటు పోయిందని చెప్తాడేమో,
గదిలో ఇంకెవరో నిద్రపోతున్నారని చెప్తాడేమో.
"లేదక్కా, కిటికీ దగ్గరే. బాగా తెల్లారాకే."
పరీక్ష కదా, జాగ్రత్త పడ్డాడట.

చుక్కల పుస్తకం నా పని కాదు,
పక్క గదిలో డాక్టర్ బాయర్మా చూపిస్తుంది.
మధ్యలో చెక్క గోడ.
మొదటి పేజీ అందరికీ కనబడుతుంది.
"పన్నెండు!" అన్నాడు, ధీమాగా.
పేజీ తిప్పిన చప్పుడు.
కాసేపటికి
పేజీ తిప్పిన చప్పుడు.
నేను సిరంజిలు లెక్కపెట్టాను. లెక్క తప్పింది.

తిరిగొచ్చి ఒక్కొక్కటే తొడుక్కున్నాడు.
కుర్చీ సన్నబడింది.
అన్నీ అయ్యాక, బూట్ల ముందు ఆగి,
ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు
దీపం కిందికి పెట్టి చూసుకున్నాడు.
"ఇవి రెండూ ఒకటేగా అక్కా?"
"వెచ్చగా ఉన్నాయిగా" అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఇవాళ మళ్ళీ ఫోను. గొంతు సవరించుకున్నారెవరో.
గుండీల చొక్కా, అన్నాను. లెన్సులు ఇంట్లో, అన్నాను.
"మేజోళ్ళు..." అని ఆగాను.
అటువైపు కలం గీసుకుంటున్న చప్పుడు ఆగింది.
"మేజోళ్ళు?"
"శుభ్రమైనవి" అని పెట్టేశాను.