పదకొండు చెంబులు

మా ఆయన మాలకొండయ్య
పొదిలిలో నీళ్ల ట్యాంకరు తోలతాడు.
రోజుకి ఏడు ట్రిప్పులు.
ఊరందరి తొట్లూ నింపొచ్చిన మనిషి
ఇంటికొచ్చి అరబకెట్టుతో ఒళ్లు కడుక్కుంటాడు.

అరబకెట్టంటే పదకొండు చెంబులు.
తలుపు బైట నిలబడి లెక్కపెట్టాను,
చెంబు బకెట్టు అంచుకి తగిలే చప్పుడుని బట్టి.
ఒళ్లు తడవడానికి మూడు.
ఆ తర్వాత కాసేపు ఏ చప్పుడూ ఉండదు,
సబ్బు తిరిగే సేపది.
ఆనక ఎనిమిది.
చివరిది మాత్రం ఆగి ఆగి,
చంటిబిడ్డకి పోసినట్టు
భుజం మీంచి జార్చుకుంటాడు.

"వాల్వు కారతంది మే" అంటాడు అన్నం కాడ.
"దర్శి రోడ్డు బోరు కాణ్ణించి వీధి మలుపు దాకా
తారు మీద గీత గీసుకుంటా వస్తంది.
ఓనరుకి చెప్తే నవ్వతాడు.
అద్దంలో ఆ గీతే కనపడతా ఉంటది."
అందుకేనేమో,
మా బాత్రూములో కొళాయి బొట్టు బొట్టుగా కారితే
నడిరాత్రి లేచి చెంబు పెట్టి వస్తాడు.
పొద్దున ఆ చెంబుతోనే మొహం కడుగుతాడు.

కొళాయికి వాచరు మార్చడానికొచ్చిన కాశింవలి
పనిలో పనిగా ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి చూశాడు.
"ఒకసారి నొక్కితే పది లీటర్లక్కా!
ఇటుకరాయి మాత్రం పెట్టబాక, నాని పిండవతది.
సీసా పెట్టు."
మా చిన్నది టెన్త్ పాసయిన రోజు
వీధికంతా పంచిన కూల్‌డ్రింకు తాలూకు సీసా,
నిండా నీళ్లు పోసి, మూత బిగించి
లోపల కూచోబెట్టాం.
నీళ్లకి నీళ్లే కాపలా.
రెండేళ్లయింది.
మా ఇంట్లో ఇంతవరకు ఖర్చుకాని నీళ్లు
అవే.

మొన్న ఆదివారం చిన్నది
జడ కత్తిరించుకుంటానంది.
సోకులనుకుని నోటికొచ్చినట్టు తిట్టాను.
"తలంటుకి ఆరు చెంబులు మిగలతాయి గదమ్మా" అంది
దువ్వెన వంకే చూస్తా.
ఆ పూట నేను ఎనిమిదో చెంబుకే లేచాను.
వీపు మీద సబ్బు
సాయంత్రం దాకా చుర్రుమంటానే ఉంది.

ఆ వారమే నెల్లూరు పోవాల్సొచ్చింది,
మా చెల్లెలు సుభాషిణి కొత్త ఫ్లాట్లో దిగితే.
దాని బాత్రూములో బకెట్టు లేదు, చెంబు లేదు.
గోడకి గుండ్రటి పళ్లెం, పళ్లానికి వెయ్యి కళ్లు.
తిప్పాను.
మొదట హాయిగానే ఉంది, అబద్ధమెందుకు.
తర్వాత లెక్క మొదలైంది.
ఏది ఒకటో ఏది రెండో తెలీదు,
చెంబు అంచు చప్పుడు లేదు,
కాళ్ల కింద జాలీలోకి
మాలకొండయ్య అద్దంలో గీత
లావుగా, వెచ్చగా, సబ్బు వాసనతో పోతా ఉంది.
కట్టేసి
చలికి వణుకుతా సబ్బు రుద్దుకున్నాను.

"పెద్దమ్మా, నీళ్లు రావట్లేదా?"
బైటనించి పిల్ల తలుపు తట్టింది.
"వస్తన్నాయమ్మా. నేనే ఆపాను."
"ఎందుకూ?"
ఆ పిల్లకి ఏం చెప్పాలి.
ట్యాంకరు హారను వినపడితే
పొయ్యి మీద పాలు వదిలేసి ఉరికే వీధి
ఆ పిల్ల చూళ్లేదు.
చూడకూడదనే నా కోరిక కూడా.

తిరిగొచ్చేసరికి చీకటి పడింది.
"ఎట్టుందిమే నెల్లూరు?"
"అక్కడ నీళ్లకి చప్పుడెక్కువ" అన్నాను.
ఆయన నవ్వి తువ్వాలు తీసుకుని లోపలికి పోయాడు.
అలవాటు కొద్దీ తలుపు బైట నిలబడ్డాను.
మూడు.
సబ్బు.
నాలుగు, ఐదు... తొమ్మిది, పది.
పదకొండోది వినపళ్లేదు.
తలుపు తీసుకుని వచ్చాడు,
చేతిలో నిండు చెంబు.
"బస్సులో వచ్చావు గదా,
కాళ్లు కడుక్కో."